రెండోసారి పట్టుబడ్డ మనిషి
(పొదటూరుపేటలో ఇచ్చిన మాస్టారి స్మారక ఉపన్యాసం)



మాస్టారి పేరు మీద జరిగే ఈ సభలో సాహిత్యమో చరిత్రో మాట్లాడితే వినడానికి హాయిగా ఉండేది. నన్ను పిలవడానికి వచ్చిన ఆయన కోడలమ్మ మాత్రం, "ఊరికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి సార్, ఈసారి ఆడవాళ్లు కూడా వస్తామంటున్నారు" అన్నారు. ఆ మాట మీద ఆలోచిస్తే, ఇన్నేళ్ల వకీలు పనిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మనిషి ఒకడు గుర్తొచ్చాడు. ఫలానా కక్షిదారు అని కాదు, అలాంటివాడు అని. తాగి బండి నడుపుతూ పట్టుబడతాడు. ఫైను కట్టి ఇంటికి వస్తాడు. మళ్లీ తాగి బండెక్కుతాడు. రెండోసారి పోలీసులు ఆపి వెతికితే బండిలో తుపాకి దొరుకుతుంది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది, చదివి పక్కన పెట్టేస్తాం. ఈ సాయంత్రం ఆ నాలుగు లైన్ల దగ్గర కాసేపు నిలబడదాం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మొదటిసారి పట్టుబడడం ఆ మనిషి తప్పు. రెండోసారి పట్టుబడేదాకా ఊరుకోవడంలో, అప్పటికి అతని చేతిలో తుపాకి మిగిలి ఉండడంలో మన చట్టానికి, ఆఫీసులకు, ఇంటివాళ్లకు, ఊరికి కూడా వాటా ఉంది. ఆ వాటా ఎంతో లెక్కగట్టడమే నా పని.

లెక్క మన ఊరి నుంచే మొదలుపెడదాం. మనది తమిళనాడు, ఆంధ్ర సరిహద్దు ఊరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడింది. కాగితం మీద గీత మారినా మన రాకపోకలు మారలేదు. నగరి, పుత్తూరు, ఆర్.కె.పేట, షోళింగర్, పళ్లిపట్టు అన్నీ మనకు ఇరుగుపొరుగే. నూలు ఒక రాష్ట్రం నుంచి వస్తుంది, గుడ్డ ఇంకో రాష్ట్రానికి పోతుంది, పెళ్లి సంబంధం రెండు వైపులా కుదురుతుంది. మందు కూడా అంతే. 1995 జనవరిలో ఆంధ్రలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది, 1997లో అది పోయింది. ఆ రెండేళ్లూ అటువాళ్ల ప్రయాణం ఇటువైపు ఎక్కువైంది. 2019 తర్వాత ఆంధ్రలో మందు ధర పెరిగి, అలవాటైన బ్రాండ్లు దొరకనప్పుడూ అదే జరిగింది. ఎటు చవకైతే అటు బండి తిరుగుతుంది. తాగడానికి వెళ్లినవాడు తిరిగి రావాలి కదా. వచ్చేది టూవీలర్ మీద, చీకట్లో, చెన్నై–తిరుపతి రోడ్డు లారీల మధ్యలోంచి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ ఏడాది ఎక్కువ ప్రమాదాలు నమోదైన రాష్ట్రం తమిళనాడే, 64,105. తాగి నడపడం వల్ల జరిగినవని రాసుకున్న ప్రమాదాలు దేశం మొత్తమ్మీద నూటికి రెండు చిల్లర. ఆ చిన్న అంకె చూసి ఎవరూ నిమ్మళపడకండి. ప్రమాదం జరిగాక కారణం అనే గడిలో అతివేగం అని రాయడం తేలిక. చనిపోయినవాడి రక్తం తీసి, సీసాలో పెట్టి, ల్యాబుకు పంపి, రిపోర్టు తెప్పించుకుంటే గాని తాగాడని రాయలేరు.

బతికి ఉన్నవాడి సంగతి వేరు, అతనిచేత ఊదించవచ్చు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నట్టు తేలితే నేరం. శ్వాసతో ఆ అంకె కొలిచే యంత్రాన్ని 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ అనే ఆయన తయారు చేశాడు, ఆయనకు పోలీసు ల్యాబులో పనిచేసిన అనుభవం ఉంది. ఇప్పుడు మన తిరుత్తణి బైపాస్ మీద ఎస్సై గారి చేతిలో కనిపించేది దాని మనవరాలి లాంటిది. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తారు, మనిషి మనిషికీ కొత్త గొట్టం. ఆపకుండా ఊదాలి. మధ్యలో ఆపితే యంత్రం ఒప్పుకోదు, మళ్లీ ఊదమంటుంది. చిన్న తెర మీద అంకె కనిపిస్తుంది. ఆ వెంటనే బస్ టికెట్టంత చీటీ బయటికి వస్తుంది. తేదీ, టైము, అంకె. కింద ఊదినవాడి సంతకం, ఊదించినవాడి సంతకం. నేను కోర్టులో చూసిన చీటీల్లో లేనిది ఒకటే, ఈ మనిషి ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా ఊదాడా అనే గడి.

ఇక్కడ మగ్గాల పనికి పొద్దున్నే వెళ్లే తమ్ముళ్లకు ఒక లెక్క చెప్పి ముందుకు వెళ్తాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున కరుగుతుంది. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, ఒక కునుకు తీసినా అది త్వరపడదు. రాత్రి పదకొండింటికి 150 ఉన్నవాడికి తెల్లవారి ఏడింటికి ఇంకా 30 దగ్గరే ఉంటుంది. రాత్రి తాగింది రాత్రే పోయిందనుకుని పొద్దున పిల్లను బండి మీద బడికి తీసుకెళ్లే తండ్రి కూడా ఈ చట్టం కిందికి రావచ్చు.

శిక్ష ఎంత? 2019 సవరణ తర్వాత మొదటిసారి 10,000 రూపాయల ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తమిళనాడులో ఈ పెద్ద ఫైన్లు 2022 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చాయి. రెండోసారికి 15,000 రూపాయలు, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. పాత చట్టంలో మూడేళ్లలోపు మళ్లీ చేస్తేనే రెండోసారిగా లెక్క. 2019లో ఆ మూడేళ్ల మాట తీసేశారు. ఎన్నేళ్ల తర్వాత చేసినా రెండోది రెండోదే.

దీనికంటే పెద్ద సంగతి అదే చట్టం 22వ సెక్షన్‌లో ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 185 కింద ఒకసారి శిక్షపడినవాడికి అదే సెక్షన్ కింద మళ్లీ శిక్షపడితే, రెండోసారి శిక్ష వేసే కోర్టు అతని డ్రైవింగ్ లైసెన్సు రద్దు చేసి తీరాలి. చేయవచ్చు అని కాదు, చేయాలి అనే ఉంది. పార్లమెంటు ఈ సంగతి జడ్జిగారి దయకు వదల్లేదు.

మరి అంతంత సార్లు పట్టుబడినవాళ్ల జేబుల్లో లైసెన్సులు ఎలా మిగులుతున్నాయి? ఎందుకంటే రెండోసారి అని కోర్టుకు ఎవరో చెప్పాలి. పాత శిక్ష తాలూకు నకలు తెచ్చి జడ్జిగారి ముందు పెట్టాలి. సాయంత్రం నాలుగింటికి, అరవై డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులున్న రోజున, ఆ నకలు కోసం వెతికే మనిషి ఎవరు? పేరు పిలుస్తారు. "తప్పు ఒప్పుకుంటావా?" "ఒప్పుకుంటాను సామీ." మొదటి నేరం కింద ఫైను. రసీదు తీసుకుని, స్టేషన్‌లో బండి విడిపించుకుని ఇంటికి. అటు నగరిలో ఫైను కట్టినవాడు ఇటు తిరుత్తణిలో మళ్లీ మొదటిసారి నేరస్థుడే. ఇటు కట్టినవాడు అటు మొదటిసారి నేరస్థుడు. చట్టం చూస్తే దేశం మొత్తానికీ ఒక్కటే. రెండోసారి అనేదానికి రాష్ట్ర సరిహద్దు అడ్డం అని అందులో ఎక్కడా లేదు. లైసెన్సుల వివరాలన్నీ సారథి అనే కంప్యూటర్ వ్యవస్థలో ఉన్నాయి. నంబరు కొడితే మనిషి వస్తాడు. కొట్టాలి.

మగ్గం మీద పోగు తెగితే ఆపి, ముడేసి, మళ్లీ నడుపుతాం. తెగిందని చూసి కూడా నడిపితే తర్వాతి మూరంతా పాడవుతుందని మీకు నేను చెప్పాలా? మొదటి అరెస్టు ఆ తెగిన పోగు.

ఇప్పుడు తుపాకి సంగతి. మన ప్రాంతంలో తుపాకులా అని కొందరు అనుకోవచ్చు. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికని ఉంచుకున్న లైసెన్సు తుపాకులు ఉన్నాయి. లైసెన్సు లేని నాటు తుపాకులు గుట్టల పక్క ఊళ్లలో ఉన్నాయని తెలిసినవాళ్లకు తెలుసు. పలుకుబడి చూపించుకోవడానికి నడుముకు పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఈ మూడో రకం మీదే నాకు ఎక్కువ భయం.

తాగి బండి నడిపిన పాత కేసులూ తుపాకీ ఒకే మనిషి దగ్గర కలిస్తే ఏం చేయాలన్న ప్రశ్న మీద లోతుగా వాదన జరిగిన చోటు అమెరికా సుప్రీంకోర్టు. 2008 ఏప్రిల్‌లో తీర్పు వచ్చిన బెగే కేసు అది. న్యూమెక్సికో రాష్ట్రం. ఆ మనిషికి అప్పటికి తాగి బండి నడిపిన శిక్షలు పన్నెండు. అక్కడి చట్టం ప్రకారం నాలుగో శిక్ష నుంచి అది పెద్ద నేరం, పెద్ద నేరం చేసినవాడు తుపాకి ముట్టుకోకూడదు. 2004 సెప్టెంబరులో ఒక రాత్రంతా తాగి, అతను రైఫిల్ తీసి సొంత పినతల్లికి గురిపెట్టాడు. డబ్బియ్యి, లేకపోతే కాలుస్తానన్నాడు. నా దగ్గర లేదురా అంటే ట్రిగ్గర్ నొక్కాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ నొక్కాడు. రైఫిల్లో గుండు లేదు, అందుకే ఆమె బతికింది. తర్వాత తోడబుట్టిన ఆమె మీద గురిపెట్టి అదే మాట అన్నాడు.

ఈ దృశ్యం దగ్గర కాస్త ఆగండి. పన్నెండు శిక్షలు. పన్నెండుసార్లు ఎవరో ఒక పోలీసాయన ఆపాడు, ఎవరో ఒక జడ్జి సంతకం చేశాడు. పదమూడోసారి అతను రోడ్డు మీద లేడు, ఇంట్లో ఉన్నాడు. ఎదురుగా ఉన్నది దారిన పోయే అపరిచితుడు కాదు, పినతల్లి, తోడబుట్టింది. తాగినవాడి చేతిలోని తుపాకి ముందు ఎవరివైపు తిరుగుతుందో ఇక్కడున్న అమ్మలకు నేను వివరించనక్కర్లేదు.

తుపాకి కేసులో అతను తప్పు ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది శిక్ష ఎంత అన్నది. హింసాత్మక పెద్ద నేరాలు మూడు చేసిన చరిత్ర ఉన్నవాడి దగ్గర తుపాకి దొరికితే కనీసం పదిహేనేళ్లు వేయాలని అక్కడ ఒక చట్టం. తాగి బండి నడపడం హింస కిందికి వస్తుందా, రాదా? దీని మీద తొమ్మిది మంది జడ్జీలు చీలిపోయారు. రాదని మెజారిటీ తరఫున జస్టిస్ బ్రేయర్ రాశాడు. ఆయన వాదన ఇది: దోపిడీ, ఇల్లు తగలబెట్టడం లాంటివి మనసులో పెట్టుకుని, దౌర్జన్యంగా చేసే పనులు. తాగి నడిపేవాడికి ఎవరినీ చంపాలని ఉండదు, నిర్లక్ష్యం ఉంటుంది. అలాంటివాడు కావాలని తుపాకి గురిపెట్టి కాల్చే రకమని అనుకోలేం. జస్టిస్ అలీటో ఒప్పుకోలేదు, మరో ఇద్దరు ఆయనతో కలిశారు. అన్నిసార్లు శిక్షపడ్డాక కూడా స్టీరింగు పట్టుకునేవాడు జనం ప్రాణాలకు తీవ్రమైన ప్రమాదం తెస్తున్నాడు, చట్టంలో ఉన్న మాట కూడా ప్రమాదమే అన్నాడు.

వకీలుగా నాకు బ్రేయర్ తర్కం అర్థమవుతుంది. శిక్ష విషయంలో చట్టంలోని మాటను సాగదీయకూడదు. కాని అది శిక్ష గురించిన తీర్పు. ఆ మనిషి దగ్గర తుపాకి ఉండవచ్చా అన్న ప్రశ్న వేరే, ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే ఉండకూడదు అని. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి, తాగి నడపడం హింస కాదన్నారు కాబట్టి తుపాకి ఉన్నా ఫరవాలేదనుకుంటే పెద్ద పొరపాటు. 2020లో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన హాలోవే కేసులో అప్పీలు కోర్టు ముందుకు ఈ రెండో ప్రశ్నే వచ్చింది. రెండోసారి తాగి నడిపి శిక్షపడిన ఒకాయన, నేనెవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, నా తుపాకి హక్కు ఎందుకు పోవాలని దావా వేశాడు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆయన మాట ఒప్పుకోలేదు. తాగి బండి నడపడమే జనాన్ని ప్రమాదంలోకి నెట్టే తీవ్రమైన నేరం అన్నారు. అక్కడ ఈ వాదన ఇంకా సాగుతూనే ఉంది.

జడ్జీల సంగతి అలా ఉంచి, లెక్కలు ఏం చెబుతున్నాయో కూడా చూద్దాం. కాలిఫోర్నియాలో 2001లో చేతి తుపాకులు కొన్న సుమారు 79 వేల మందిని పరిశోధకులు 2013 దాకా గమనించి, 2019లో ఒక వైద్య పత్రికలో ఫలితాలు అచ్చేశారు. కొనేనాటికే తాగి నడిపిన శిక్ష ఉన్నవాళ్లు, ఏ పాత నేరమూ లేనివాళ్లతో పోలిస్తే, తర్వాతి కాలంలో హత్య, దోపిడీ, తీవ్రమైన దాడి లాంటి కేసుల్లో అరెస్టయ్యే అవకాశం రెండు రెట్లకు పైగా కనిపించింది. తాగి నడిపిన ప్రతివాడూ కాలుస్తాడని దీని అర్థం కాదు. చాలామంది జీవితాంతం ఎవరి మీదా చెయ్యి ఎత్తరు. కాని తుపాకి లైసెన్సు ఇచ్చే అధికారి ముందు ఇద్దరు మనుషులు నిలబడితే, పాత చీటీ ఉన్నవాడి దగ్గర ఇంకొంచెం ఆగి ఆలోచించాలని ఆ లెక్క గట్టిగానే చెబుతుంది.

మన చట్టం దగ్గరికి వద్దాం. 1959 నాటి ఆయుధాల చట్టం. తుపాకి లైసెన్సు అడిగేవాడు గాని, ఉన్నవాడు గాని ఏ కారణం చేతనైనా దానికి తగడని తోస్తే లైసెన్సు ఇవ్వకపోవచ్చు, ఇచ్చినదాన్ని సస్పెండ్ చేయవచ్చు, రద్దు చేయవచ్చు. 17వ సెక్షన్‌లో జనభద్రత అనే మాట స్పష్టంగా ఉంది. అధికారం ఉంది, దాన్ని వాడమని ఎవరూ అడగడం లేదు. ఒక చిక్కు కూడా ఉంది. అదే సెక్షన్ కింద కోర్టుకు కూడా తుపాకి లైసెన్సు రద్దు చేసే అధికారం ఇచ్చారు గాని, ఆయుధాల చట్టం కింద శిక్ష వేసే కోర్టుకు మాత్రమే. తాగి నడిపినందుకు ఫైను వేసే జడ్జిగారికి ఎదురుగా ఉన్నవాడి నడుముకు లైసెన్సు తుపాకి ఉందని తెలిసినా, ఆ సెక్షన్ కింద చేయగలిగింది ఏమీ లేదు. హింసాత్మక నేరానికి శిక్షపడినవాడు కొన్నేళ్లు తుపాకి పట్టకూడదని 9వ సెక్షన్ చెబుతుంది. తాగి నడపడాన్ని అందులో చేర్చలేదు. బెగే కేసులో తొమ్మిది మంది పెద్దలు తన్నుకులాడిన ప్రశ్నే ఇక్కడ ఎవరూ అడక్కుండా ఊరుకుంది.

తుపాకికి లైసెన్సు లేకపోతే? అప్పుడు ఒక మనిషి, ఒక రాత్రి, రెండు ఫైళ్లు. రోడ్డు పక్కన జీపు బానెట్ మీద కాగితం పెట్టి మహజరు రాస్తారు. గొట్టం ఇంత పొడుగు, కర్ర పిడి, ఫలానా చోట తుప్పు, సంచిలో మందుగుండు ఇంత, సాక్షులు ఇద్దరు. గుడ్డలో చుట్టి లక్క ముద్ర వేస్తారు. ఇది ఒక ఫైలు. ఇందులో తుపాకి నిజంగా పేలేదేనా అని నిపుణుడి రిపోర్టు రావాలి, 39వ సెక్షన్ ప్రకారం కలెక్టరు అనుమతి రావాలి, ఆ తర్వాతే కేసు నడవాలి. రెండో ఫైలు తాగి నడిపినది. అది వారంలో ఫైనుతో ముగిసిపోతుంది. తుపాకి కేసు విచారణకు వచ్చేసరికి ఆ రాత్రి అతను తాగి ఉన్నాడన్న సంగతి వేరే బీరువాలో, తీరిపోయిన కేసుల కట్టలో ఉంటుంది. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే గాని ఆ మనిషి ఎవరో అర్థం కాడు. ఆ పని చేసే బల్ల ఏదీ నా కంటికి ఇంతవరకు కనిపించలేదు.

ఇది చేతకాని పనేమీ కాదు. ఎన్నికలు వస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులున్నవాళ్ల జాబితా తీస్తారు. కమిటీ కూర్చుని, ఎవరి దగ్గర ఉండవచ్చు, ఎవరిది తీసుకోవాలి అని చూస్తుంది. తీసుకోవాల్సినవాళ్లు స్టేషన్‌కు వెళ్లి తుపాకి అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటారు. ఓట్లు అయిపోయాక మళ్లీ ఇస్తారు. నెల రోజుల ఓట్ల కోసం మనిషి మనిషినీ పరిశీలించి తుపాకి తీసి పెట్టగల ప్రభుత్వం, 185 కింద శిక్షపడినవాడి తుపాకి కూడా అలాగే తీసి పెట్టగలదు. తుపాకి లైసెన్సులకు దేశవ్యాప్త జాబితా ఉంది, లైసెన్సు లైసెన్సుకూ ప్రత్యేక సంఖ్య ఉంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒకరి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండనిచ్చే పద్ధతిని రెండుకు తగ్గించారు, పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చడాన్ని నేరం చేశారు. అదే ఏడాది మోటారు వాహనాల చట్టాన్నీ సవరించారు. రెండు సవరణలూ ఒకే పార్లమెంటు, ఒకే ఏడాది చేసింది. వాటి మధ్య ఒక చిన్న వాక్యం వేసి ఉంటే సరిపోయేది.

మందు, తుపాకి కలిసినప్పుడు ఏమవుతుందో 1999 ఏప్రిల్‌లో ఢిల్లీ చూసింది. అర్ధరాత్రి దాటాక మందు పోయనన్నందుకు జెస్సికా లాల్ అనే యువతిని తలలో కాల్చి చంపారు. మందు, కారు కలిస్తే ఏమవుతుందో అదే ఏడాది జనవరిలో అదే ఊరు చూసింది. లోధీ కాలనీలో బీఎండబ్ల్యూ కింద ఆరుగురు పోయారు. ఆ కేసులో సుప్రీంకోర్టు 2012లో, తాగి అలా నడపడం కేవలం నిర్లక్ష్యం కాదు, ప్రాణం పోతుందని తెలిసి చేసిన పని అని చెప్పింది. నాకు ఆ తీర్పులో నచ్చిన సంగతి అదే. రెండోసారి పట్టుబడ్డవాడికి ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఒకసారి కోర్టుకెక్కి, జడ్జిగారి నోట విని, ఫైను కట్టి వచ్చినవాడు నాకు తెలియదనడానికి లేదు.

మన రాష్ట్రం ఈ విషయంలో దేశానికి దారి చూపించింది కూడా. హైవేల పక్కన మందు షాపులు ఎందుకని అడ్వకేట్ కె. బాలు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. ఆ కేసే సుప్రీంకోర్టు దాకా పోయి, 2016 డిసెంబరు 15న తీర్పైంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు షాపులు ఉండకూడదన్నారు. తర్వాత 20 వేలలోపు జనాభా ఉన్న ఊళ్లకు 220 మీటర్లు చాలన్నారు. రోడ్డు మీది షాపులు ఊళ్లలోకి రావడం మొదలయ్యాక, మా వీధిలో వద్దని ఆడవాళ్లు టాస్మాక్ మందు షాపుల ముందు కూర్చున్నారు. షాపు ఎక్కడ ఉండాలన్న పోరాటం మంచిదే. కాని తాగినవాడు బండెక్కకుండా ఆపేది దూరం కాదు, అది వేరే పని.

పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఒక మాట. 2015 చివరి నుంచి అక్కడి విదేశాంగ శాఖ, తాగి నడిపి అరెస్టయినవాళ్ల వీసాను రద్దు చేసే పద్ధతి పెట్టుకుంది. శిక్ష పడేదాకా ఆగదు, అరెస్టు చాలు. డల్లాస్‌లో ఒక శనివారం రాత్రి చేసిన పని పొదటూరుపేటలో తీసుకున్న అప్పును ఎలా తాకుతుందో వాళ్లకు ఫోన్లో చెప్పండి. ఇది నాకు న్యాయంగా తోచదు, అరెస్టు రుజువు కాదు. అయినా పిల్లలకు తెలిసి ఉండాలి.

ఇప్పటిదాకా ఆ మనిషి గురించి నేరస్థుడిగానే మాట్లాడాను. అది సగమే. అన్ని ఫైన్లు కట్టి కూడా మళ్లీ తాగి బండెక్కేవాడు చాలాసార్లు రోగి. పదివేలు ఫైను కట్టడానికి భార్య కమ్మలు తాకట్టు పెట్టి, ఆ బాధ మర్చిపోవడానికి మళ్లీ తాగినవాణ్ణి నేను ఎరుగుదును. అతన్ని చూసి కోపం రాలేదు, దిగులేసింది. బెగే కేసు వచ్చిన ఆ న్యూమెక్సికోలోనే, డోన్యా ఆనా కౌంటీలో 1995లో తాగి నడిపినవాళ్ల కోసం ఒక ప్రత్యేక కోర్టు పెట్టారు. రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్లను ఊరికే లోపల వేసి వదలకుండా, నెలల తరబడి జడ్జిగారి ముందుకు పిలుస్తూ, పరీక్షలు చేస్తూ, చికిత్స చేయిస్తారు. మనకు దగ్గర్లో చెన్నైలో 1980లోనే శాంతి రంగనాథన్ గారు మద్యం మాన్పించే చికిత్స కోసం టి.టి. రంగనాథన్ సంస్థను స్థాపించారు, దాన్ని అందరూ టి.టి.కె. ఆసుపత్రి అంటారు. ఆమెకు పద్మశ్రీ కూడా వచ్చింది. బస్సెక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. మన ఊళ్లో ఎంతమంది వెళ్లారు? సిగ్గు అడ్డొస్తుంది. గుండె జబ్బుకు లేని సిగ్గు దీనికెందుకు?

ఇంకో తల్లి గురించి చెప్పాలి. 1980 మే 3న కాలిఫోర్నియాలో క్యాండీ లైట్నర్ అనే ఆమె పదమూడేళ్ల కూతురు కేరీ రోడ్డు పక్కన నడుస్తుంటే వెనక నుంచి కారు గుద్ది చంపింది. నడిపినవాడు రెండు రోజుల ముందే మరో తాగి నడిపిన కేసులో బెయిల్ మీద బయటికి వచ్చినవాడు. ఆ తల్లి ఆ ఏడాదే తాగి నడిపేవాళ్లకు వ్యతిరేకంగా తల్లుల సంఘం పెట్టింది. అక్కడి చట్టాలు మారడంలో ఆ సంఘం పాత్ర అందరూ ఒప్పుకునేదే. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోసమ్మ, ఆమె తోటివాళ్లు సారాయి అంగడి మూయించారు. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారాయి నిలిచిపోయింది. ఈ రెండు కథల్లోనూ కదిలింది ముందు ఆడవాళ్లే, ప్రభుత్వం వాళ్ల వెనక నడిచింది.

కాబట్టి నా మాటలు ఇక వాళ్లతోనే. అమ్మా, మీ ఇంట్లో తాగి బండి నడిపి ఫైను కట్టినవాడు ఉంటే, ఆ రసీదు పారేయకండి. కోర్టు పేరు, కేసు నంబరు, తేదీ అందులో ఉంటాయి. అతనికి తుపాకి లైసెన్సు కూడా ఉంటే, ఆ రసీదు నకలు జతచేసి లైసెన్సు ఇచ్చిన అధికారికి ఒక అర్జీ పెట్టండి. తాగుడు అలవాటు, పట్టుబడిన తేదీలు, ఇంట్లో బెదిరించిన సంఘటనలు ఉంటే అవి, ఎప్పుడు, ఎవరి ముందు అన్నది రాయండి. 17వ సెక్షన్ కింద జనభద్రత దృష్ట్యా లైసెన్సు సస్పెండ్ చేయమని అడగండి. లైసెన్సు లేని తుపాకి అయితే ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకుండా స్టేషన్‌కు చెప్పండి. భయమైతే నలుగురు కలిసి వెళ్లండి, వకీలు ఫీజు లేకుండా రాసిపెట్టడానికి తిరుత్తణిలో న్యాయసేవల కమిటీ ఉంది. మొగుడి మీద పితూరీ చెప్పినట్టు అవుతుందేమో అని వెనకాడకండి. తుపాకి పోయిన మొగుడు మీకు మిగులుతాడు, తుపాకి మిగిలిన మొగుడు మిగులుతాడో లేదో ఎవరూ చెప్పలేరు.

అరవం రాయడం రాదని ఆగిపోకండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకునే హక్కు మనకు ఉంది. తెలుగులో రాయండి. రెండు నకళ్లు తీయండి, ఒకటి ఇవ్వండి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.